సమీకరణాలకు పూర్ణాంక సాధనలు ఎన్ని? పోటీ పరీక్షల విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రస్తారాలు–సంయోగాలు అధ్యాయం పూర్తయిన ప్రతిసారీ విద్యార్థులు దాదాపు ఇవే సందేహాలతో వస్తారు. సూత్రాలు చాలామందికి నోటికి వచ్చి ఉంటాయి, అయినా జవాబు తప్పుతుంది. తప్పు ఎక్కువగా గణనలో కాక, దేన్ని లెక్కిస్తున్నామో తేల్చుకోకుండానే సూత్రం అందుకోవడంలో ఉంటుంది. అందుకే ఆ సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. అంతటా క, చ, ట, త అనేవి చలరాశులు. సి(9, 2) అంటే 9 వేర్వేరు వస్తువుల నుంచి 2 ఎంచుకునే విధాల సంఖ్య, అంటే 36.

## ప్రశ్నను చదివే దశ

ధన పూర్ణాంకాలు, రుణేతర పూర్ణాంకాలు, పూర్ణాంకాలు: ఈ మాట మారితే జవాబు అంతగా మారుతుందా?

పూర్తిగా మారుతుంది. క + చ = 5 అనే చిన్న సమీకరణాన్నే తీసుకోండి. ధన పూర్ణాంకాలైతే (1, 4), (2, 3), (3, 2), (4, 1) అని 4 సాధనలు. రుణేతర పూర్ణాంకాలంటే సున్నాకు కూడా చోటుంది కాబట్టి (0, 5), (5, 0) చేరి 6 అవుతాయి. కేవలం పూర్ణాంకాలు అంటే (−1, 6), (−2, 7) అంటూ అంతు లేకుండా పోతాయి. బహుళ ఎంపిక ప్రశ్నల్లో మొదటి రెండు జవాబులూ ఐచ్ఛికాల్లో పక్కపక్కనే ఉంటాయి. సమీకరణం కంటే ముందు ఆ ఒక్క మాట కింద గీత గీయడం అలవాటు చేసుకోవాలి.

(2, 3), (3, 2) రెండూ ఒకటేనా, వేర్వేరా?

ప్రశ్నలో "సాధనలు ఎన్ని" అని అడిగితే వేర్వేరే, ఎందుకంటే క = 2, చ = 3 అనడం, క = 3, చ = 2 అనడం రెండు భిన్నమైన విషయాలు. "10ని మూడు ధన పూర్ణాంకాల మొత్తంగా ఎన్ని విధాలుగా రాయవచ్చు, క్రమం పట్టించుకోకుండా" అని అడిగితే మాత్రం ఒకటే.

రెండింటి మధ్య తేడాను ఒక్కసారి చేత్తో రాసి చూసుకుంటే ఇక మరిచిపోరు. 10 మొత్తం వచ్చే మూడేసి సంఖ్యల గుంపులు ఇవి: 1-1-8, 1-2-7, 1-3-6, 1-4-5, 2-2-6, 2-3-5, 2-4-4, 3-3-4. ఇవి 8. వీటిలో మూడు సంఖ్యలూ వేర్వేరుగా ఉన్న గుంపులు 4, ఒక్కోదాన్ని 6 విధాలుగా అమర్చవచ్చు. రెండు సంఖ్యలు సమానంగా ఉన్నవి 4, ఒక్కోదాన్ని 3 విధాలుగా అమర్చవచ్చు. మొత్తం 24 + 12 = 36. కాబట్టి క + చ + ట = 10కి ధన పూర్ణాంక సాధనలు 36, క్రమం లేని గుంపులు 8. 36ను నేరుగా 6తో భాగించి 6 గుంపులు అనడం తరచుగా కనిపించే పొరపాటు. సమాన సంఖ్యలున్న గుంపులు ఆ భాగహారాన్ని చెడగొడతాయి.

ఈ చిక్కు పాతదే. మూడు పాచికలు వేస్తే మొత్తం 9 రావడానికీ, 10 రావడానికీ ఆరేసి గుంపులే ఉన్నాయి కదా, మరి 10 ఎందుకు ఎక్కువసార్లు పడుతోంది అన్న ప్రశ్నకు 17వ శతాబ్దంలో గెలీలియో జవాబు రాశాడు. క్రమంతో లెక్కిస్తే 9కి 25 విధాలు, 10కి 27 విధాలు ఉన్నాయి.

"మూడు చలరాశులూ వేర్వేరు" అని అదనంగా ఇస్తే?

ముందు మొత్తం సాధనలు లెక్కించి, ఏవైనా రెండు సమానమైన వాటిని తీసివేయాలి. క + చ + ట = 10 (ధన పూర్ణాంకాలు) లో మొత్తం 36. క = చ అయితే 2క + ట = 10 కాబట్టి క విలువ 1 నుంచి 4 వరకు, అంటే 4 సాధనలు. సమానమయ్యే జతను 3 విధాలుగా ఎంచుకోవచ్చు కాబట్టి 12. 10 మూడుతో భాగింపబడదు గనుక మూడూ సమానం కావడం అసాధ్యం, రెండుసార్లు తీసివేశామన్న భయం లేదు. జవాబు 24. మొత్తం 12 అని ఇచ్చి ఉంటే (4, 4, 4) అనే సాధన మూడు జతల్లోనూ లెక్కకు వస్తుంది, దాన్ని జాగ్రత్తగా సవరించాలి.

## కూడిక సమీకరణాల దశ

క + చ + ట = 10కి ఒక సూత్రంలో సి(9, 2), ఇంకో సూత్రంలో సి(12, 2) ఎందుకు వస్తాయి? ఎప్పుడూ తికమకగా ఉంటుంది.

సూత్రాన్ని పక్కన పెట్టి, పది లడ్లను ముగ్గురు పిల్లలకు పంచుతున్నట్టు ఊహించండి. లడ్లన్నీ ఒకేలా ఉన్నాయి, పిల్లలు మాత్రం వేర్వేరు. లడ్లను ఒక వరుసలో పేర్చి, రెండు చోట్ల అడ్డుగీత పెడితే మూడు వాటాలు వస్తాయి:

●●●|●●|●●●●●

ఇది (3, 2, 5) అనే సాధన. ప్రతి పిల్లకూ కనీసం ఒక లడ్డు రావాలంటే గీత రెండు లడ్ల మధ్య సందులోనే పడాలి, ఒక సందులో ఒక్క గీతే ఉండాలి. పది లడ్ల మధ్య 9 సందులున్నాయి, వాటిలో 2 ఎంచుకుంటాం. అదే సి(9, 2) = 36, ధన పూర్ణాంకాల లెక్క.

ఎవరికైనా ఏమీ రాకపోయినా ఫరవాలేదు అంటే గీతలు పక్కపక్కనే పడవచ్చు, వరుస చివరల్లోనూ పడవచ్చు:

●●●||●●●●●●●

ఇది (3, 0, 7). ఇప్పుడు సందుల మాట పనికిరాదు. పది లడ్లు, రెండు గీతలు కలిపి 12 స్థానాలు, వాటిలో గీతలకు 2 స్థానాలు ఎంచుకుంటాం. అదే సి(12, 2) = 66, రుణేతర పూర్ణాంకాల లెక్క. కోచింగ్ తరగతుల్లో దీన్ని బెగ్గర్స్ మెథడ్ అని కూడా అంటారు.

రెండు సూత్రాలు గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే రెండోదాన్ని మాత్రమే ఉంచుకోండి. ముందే ఒక్కొక్కరికి ఒక లడ్డు ఇచ్చేస్తే మిగిలిన 7 లడ్లను స్వేచ్ఛగా పంచవచ్చు, 7 + 2 = 9 స్థానాల్లో 2 ఎంచుకుంటే మళ్లీ అదే 36 వస్తుంది. నా అభిప్రాయంలో ఒకే సూత్రం, ఒక చిన్న సర్దుబాటు అన్న పద్ధతే పరీక్షలో నిలబడుతుంది.

క ≥ 2, చ ≥ −1, ట ≥ 3 అని కింది హద్దులు వేర్వేరుగా ఇస్తే ఏం చేయాలి?

ప్రతి చలరాశి కింది హద్దునూ సున్నాకు తేవాలి. క + చ + ట = 15 అనుకుందాం. కకు ముందే 2, టకు ముందే 3 ఇచ్చేస్తే మొత్తం నుంచి 5 తగ్గుతుంది. చ మాత్రం −1 దాకా దిగవచ్చు, అంటే అది 1 అప్పు చేయగలదు, ఆ 1 మొత్తానికి కలుస్తుంది. మిగిలేది 15 − 2 − 3 + 1 = 11. దాన్ని ముగ్గురికి స్వేచ్ఛగా పంచితే సి(13, 2) = 78. రుణ హద్దును కూడా తీసివేసి 9 అని రాయడం ఇక్కడ జరిగే పొరపాటు.

సమానం గుర్తు బదులు ≤ ఉంటే 0 నుంచి 10 దాకా ఒక్కొక్కటీ లెక్కించి కలపాలా?

అక్కర్లేదు. రుణేతర పూర్ణాంకాల్లో క + చ + ట ≤ 10 అన్నప్పుడు, పదికి ఎంత తక్కువ పడిందో ఆ మొత్తాన్ని త అనే డమ్మీ చలరాశికి ఇవ్వండి. అప్పుడు క + చ + ట + త = 10 అవుతుంది, నాలుగు చలరాశులకు మూడు గీతలు, సి(13, 3) = 286. గుర్తు < అయితే పూర్ణాంకాల్లో దాని అర్థం ≤ 9 కాబట్టి సి(12, 3) = 220.

క, చ, ట ధన పూర్ణాంకాలు కావాలని ఇచ్చినా త మాత్రం సున్నా కావచ్చు. తకు కూడా ఒకటి ఇచ్చేసేవారు చాలామంది ఉన్నారు. సరైన లెక్కలో ముగ్గురికే ఒక్కొక్కటి ఇస్తాం, మిగిలిన 7ను నలుగురికి పంచుతాం, సి(10, 3) = 120.

పై హద్దు ఉంటే? ఉదాహరణకు, 0 నుంచి 999 వరకు అంకెల మొత్తం 20 అయ్యే సంఖ్యలు ఎన్ని?

ఇది క + చ + ట = 20, ఒక్కో అంకె 0 నుంచి 9 వరకు అన్న సమస్యే. 45ను 045గా రాసుకుంటే ప్రతి సంఖ్యకూ మూడు అంకెలుంటాయి. హద్దు లేకుండా సి(22, 2) = 231. ఒక అంకె 10 లేదా అంతకు మించిన సందర్భాలు తీసివేయాలి: ఆ అంకెకు ముందే 10 ఇచ్చేస్తే మిగిలేది 10, సి(12, 2) = 66, మూడు అంకెలకు 198. అయితే రెండు అంకెలు హద్దు దాటిన సందర్భాలను మనం రెండుసార్లు తీసేశాం, వాటిని ఒకసారి తిరిగి కలపాలి. ఇద్దరికీ పదేసి ఇస్తే మిగిలేది 0, ఒకే విధం, జతలు 3. కాబట్టి 231 − 198 + 3 = 36.

ఇదే ప్రశ్నకు ఎంతో హాయైన దారి ఇంకొకటి ఉంది. ప్రతి అంకెనూ 9 నుంచి తీసివేయండి. 20 మొత్తం 27 − 20 = 7 అవుతుంది. మొత్తమే 7 అయినప్పుడు ఏ అంకే 9ని దాటలేదు, పై హద్దు తనంతట తానే తొలగిపోయింది. సి(9, 2) = 36. మొత్తం తన గరిష్ఠ విలువకు దగ్గరగా ఉన్నప్పుడల్లా ఇలా తిప్పి చూడండి. ఈ దారి కనబడిన రోజు విద్యార్థి ముఖంలో వచ్చే వెలుగు కోసమే నేను ఈ లెక్కను ముందు పొడవైన పద్ధతిలో చేయిస్తాను.

అన్నీ బేసి సంఖ్యలే కావాలంటే?

బేసి సంఖ్యను రెండింతలు ప్లస్ ఒకటిగా రాయండి. క + చ + ట = 21, మూడూ ధన బేసి సంఖ్యలు అయితే ముగ్గురి నుంచి ఒక్కొక్కటి తీస్తే 18, దాన్ని రెండేసిగా పంచాలి, అంటే 9 జతలు ముగ్గురికి. సి(11, 2) = 55. నాలుగు బేసి సంఖ్యల మొత్తం 21 కావాలని అడిగితే జవాబు 0, ఎందుకంటే ఆ మొత్తం ఎప్పుడూ సరి సంఖ్యే.

## చలరాశులకు గుణకాలు ఉన్న దశ

క + 2చ + 5ట = 20 లాంటి దానికి అడ్డుగీతల పద్ధతి ఎందుకు పనిచేయదు?

ఎందుకంటే ఇక్కడ పంచే వస్తువు అందరికీ ఒకే కొలతలో వెళ్లదు. ఇది 20 రూపాయలను 1, 2, 5 రూపాయల నాణేలతో ఎన్ని విధాలుగా చెల్లించవచ్చన్న లెక్క. పెద్ద గుణకంతో మొదలుపెట్టి సందర్భాలుగా విడగొట్టాలి. ఐదు రూపాయల నాణేలు 0 అయితే మిగిలిన 20లో రెండు రూపాయల నాణేలు 0 నుంచి 10 వరకు, 11 విధాలు. ఒకటి అయితే మిగిలిన 15లో 8 విధాలు, రెండైతే 6, మూడైతే 3, నాలుగైతే 1. మొత్తం 29. ఒక రూపాయి నాణేల సంఖ్య దానంతట అదే నిర్ణయమవుతుంది, దాన్ని విడిగా లెక్కించకూడదు. గుణకం 1 ఉన్న చలరాశిని చివరికి వదిలేయడం వల్లే పని ఇంత తేలికైంది.

3క + 5చ = 100కి ధన పూర్ణాంక సాధనలు ఎన్ని? 100ను 15తో భాగిస్తే సరిపోతుందా?

భాగహారం దగ్గరి అంచనా ఇస్తుంది, అంచుల దగ్గర మాత్రం చేత్తో చూసుకోవాలి. 100, 5చ రెండూ 5తో భాగింపబడతాయి కాబట్టి 3క కూడా భాగింపబడాలి, అంటే క 5 గుణిజం. క = 5, 10, 15, ... అని పోతుంటే చ = 17, 14, 11, ... అని మూడేసి తగ్గుతుంది. చివరిది క = 30, చ = 2. మొత్తం 6. రుణేతర పూర్ణాంకాలు అడిగితే (0, 20) కూడా చేరి 7 అవుతుంది. 100/15 అంటే 6 చిల్లర, అది ఈ రెండింటిలో ఏది జవాబో చెప్పలేదు.

మొదటి సాధన దొరికాక క విలువ చ యొక్క గుణకమంత పెరగడం, చ విలువ క యొక్క గుణకమంత తగ్గడం గుణకాలకు ఉమ్మడి కారణాంకం లేనప్పుడే నిజం. 6క + 9చ = 100 అయితే ఎడమవైపు ఎప్పుడూ 3 గుణిజం, 100 కాదు, కాబట్టి ఒక్క సాధన కూడా లేదు. లెక్క మొదలుపెట్టేముందు గుణకాల గ.సా.భా. కుడివైపు సంఖ్యను భాగిస్తుందో లేదో చూడాలి. గుణకాలు పెద్దవై మొదటి సాధన కంటికి ఆనకపోతే, శేషాలను వరుసగా చిన్నవి చేసుకుంటూ పోయే కుట్టక పద్ధతి ఉంది. ఆర్యభటుడు 499లోనే దాన్ని శ్లోకాల్లో చెప్పాడు.

రెండు సమీకరణాలు, నాలుగు చలరాశులు ఇస్తే ఎలా మొదలుపెట్టాలి?

రెండింటినీ ఒకదాన్నుంచి ఒకటి తీసి, చిన్న సంబంధం ఒకటి రాబట్టాలి. దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ 9వ శతాబ్దపు మహావీరాచార్యుని గణితంలోనిది. ఆ గణితాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. పావురాలు 3 పణాలకు 5, సారసాలు 5 పణాలకు 7, హంసలు 7 పణాలకు 9, నెమళ్లు 9 పణాలకు 3. సరిగ్గా 100 పణాలకు 100 పక్షులు తేవాలి.

3 పణాలకు 5 పావురాలు అన్నట్టు ఒక ధరకు కలిపి అమ్మే గుంపును లాటు అందాం, పక్షులను లాట్లుగానే కొనాలి. నాలుగు రకాల లాట్ల సంఖ్యలు వరుసగా క, చ, ట, త అనుకుందాం. పక్షుల లెక్క 5క + 7చ + 9ట + 3త = 100, పణాల లెక్క 3క + 5చ + 7ట + 9త = 100. మొదటి దాన్నుంచి రెండోది తీస్తే క + చ + ట = 3త. దీన్ని ఐదింతలు చేసి మొదటి దానిలో వాడితే చ + 2ట + 9త = 50 మిగులుతుంది.

ఇక త విలువను పట్టుకోవాలి. త 6 అయితే 9త ఒక్కటే 50 దాటుతుంది. త 3 లేదా తక్కువైతే చ + 2ట కనీసం 23 కావాలి, కానీ చ + ట 9ని మించదు కాబట్టి అది 18 దాటదు. అందుచేత త = 4 లేదా 5. త = 4 అయితే చ + 2ట = 14, క = ట − 2. ప్రతి రకం నుంచీ కనీసం ఒక లాటు కొనాలంటే ట = 3, 4, 5, 6. త = 5 అయితే చ + 2ట = 5, ట = 1 లేదా 2. మొత్తం 6 సాధనలు. ట = 3 దగ్గర సరిచూస్తే 5 పావురాలు, 56 సారసాలు, 27 హంసలు, 12 నెమళ్లు, మొత్తం 100. పణాలు 3 + 40 + 21 + 36, అవీ 100.

## లబ్ధాలు, వర్గాల దశ

క × చ × ట = 24కి సాధనలు 30 అంటారు, 120 అంటారు. ఏది సరైనది?

రెండూ సరైనవే, ప్రశ్నలు వేరు. 24 = 2 × 2 × 2 × 3. మూడు 2లను మూడు చలరాశులకు పంచే విధాలు సి(5, 2) = 10, ఒక్క 3ను ఇచ్చే విధాలు 3. ధన పూర్ణాంకాల్లో 30. రుణ సంఖ్యలను కూడా అనుమతిస్తే, లబ్ధం ధనం కావాలి కాబట్టి రుణ సంఖ్యలు ఉంటే సరిగ్గా రెండు ఉండాలి. గుర్తుల అమరికలు 1 + 3 = 4, మొత్తం 120.

1/క + 1/చ = 1/6 వంటి భిన్నాల సమీకరణంలో కారణాంకాలు ఎక్కడి నుంచి వస్తాయి?

భిన్నాలు తీసేస్తే 6క + 6చ = క × చ. అన్నీ ఒకవైపు చేర్చి రెండు వైపులా 36 కలిపితే (క − 6)(చ − 6) = 36 అవుతుంది. 36కు ధన భాజకాలు 9, ఒక్కో భాజకానికీ ఒక సాధన, కాబట్టి ధన పూర్ణాంక సాధనలు 9. రెండు బ్రాకెట్లూ రుణమై కూడా క, చ ధనంగా ఉండాలంటే రెండింటి పరిమాణమూ 6 కంటే తక్కువ కావాలి, అప్పుడు లబ్ధం 36 రాదు.

పూర్ణాంక సాధనలన్నీ అడిగితే రుణ భాజకాలు కూడా కలిపి 18. కానీ −6, −6 తీసుకుంటే క = చ = 0 వస్తుంది, సున్నాతో భాగించలేం. జవాబు 17. ఈ ఒక్కటి తీసివేయడం మరిచిపోయి మార్కు పోగొట్టుకున్నవారు ఎందరో.

క² − చ² = 60కి 60 భాజకాలన్నీ వాడకూడదా?

(క + చ), (క − చ) రెండింటి మధ్య తేడా 2చ, అది సరి సంఖ్య. కాబట్టి రెండూ సరి కావాలి లేదా రెండూ బేసి కావాలి. లబ్ధం 60 సరి కాబట్టి రెండూ సరే. 60 కారణాంకాల జతలు ఆరింటిలో 2 × 30, 6 × 10 మాత్రమే నిలుస్తాయి. సాధనలు (16, 14), (8, 2), ధన పూర్ణాంకాల్లో 2. గుర్తులు మార్చుకుంటే పూర్ణాంకాల్లో 8. కుడివైపు సంఖ్యను 4తో భాగిస్తే శేషం 2 వస్తే సాధనే ఉండదు. కుడివైపు 2026 ఇస్తే జవాబు 0 అని వెంటనే రాయవచ్చు.

|క| + |చ| ≤ 10కి పూర్ణాంక సాధనలు లెక్కించడానికి సూత్రం ఉందా?

|క| + |చ| = 10 నుంచి మొదలుపెట్టండి. రెండూ సున్నా కానివైతే పరిమాణాలను 9 విధాలుగా ఎంచుకోవచ్చు, గుర్తులు 4 విధాలు, 36. ఒకటి సున్నా అయినవి 4. మొత్తం 40, అంటే కుడివైపు సంఖ్యకు నాలుగింతలు. 1 నుంచి 10 వరకు కలిపితే 4 × 55 = 220, దానికి (0, 0) ఒకటి చేరి 221.

## పరీక్ష హాలులో

జేఈఈ మెయిన్, ఈఏపీసెట్, ఐఓక్యూఎం (గణిత ఒలింపియాడ్ తొలి దశ పరీక్ష) మూడింటికీ ఒకే తీరున చదవవచ్చా?

విషయం ఒకటే, ఆచరణ వేరు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో గణితానివి 80, నెగెటివ్ మార్కు లేదు. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకే ఉంటుంది కాబట్టి అడ్డుగీతల లెక్కలు వేగంగా రావాలి. జేఈఈ మెయిన్‌లో సంఖ్యను మనమే రాయాల్సిన ప్రశ్నలుంటాయి, ఐచ్ఛికాల ఆసరా ఉండదు, తప్పుకు మార్కు కోతా ఉంది. ఐఓక్యూఎంలో జవాబు 00 నుంచి 99 లోపు సంఖ్య, అక్కడ కారణాంకాల రకం ఎక్కువ సాధన చేయాలి.

జవాబు సరైనదో కాదో అర నిమిషంలో ఎలా తెలుసుకోవాలి?

చలరాశులన్నిటికీ ఒకే నియమాలుంటే సౌష్ఠవాన్ని వాడండి. మూడు చలరాశుల మొత్తం 3 గుణిజం కాకపోతే మూడూ సమానమైన పూర్ణాంక సాధన ఉండదు. మిగిలినవి మూడేసి లేదా ఆరేసి గుంపులుగా వస్తాయి, కాబట్టి జవాబు 3తో భాగింపబడాలి. మొత్తం 10కి వచ్చిన 36, 66 రెండూ అలాంటివే, 35 వచ్చిందంటే ఎక్కడో జారింది. రెండు చలరాశులైతే, రెండూ సమానమైన సాధనలను లెక్కించండి. అవి సరి సంఖ్యలో ఉంటే జవాబు సరి, బేసి సంఖ్యలో ఉంటే జవాబు బేసి.

నియమాలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటే సంఖ్యలను చిన్నవి చేసి చూడండి. క + చ + ట = 15 లెక్కలో 15 బదులు, చేత్తో రాయగలిగినంత చిన్న మొత్తాన్ని పెట్టి, మీ పద్ధతి ఇచ్చిన సంఖ్యతో పోల్చండి. క ≥ 2, చ ≥ −1, ట ≥ 3 అయినప్పుడు మొత్తం 4కి (2, −1, 3) ఒక్కటే సాధన. మీ పద్ధతి అక్కడ 1 ఇస్తే 15 దగ్గర కూడా దాన్ని నమ్మవచ్చు.